ఎర్రధూళి ఒంటికి తగ్గింపు గీజరు

విశాఖపట్నంలో చలేముంది, వేన్నీళ్ళెందుకు అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇనపరాయి దగ్గర పనిచేసి వచ్చిన మనిషికి వాళ్ళెవరూ ఎప్పుడూ వీపు రుద్ది ఉండరు. మా నాన్న హార్బరులో ఓడలకి ఆ రాయి ఎక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీ పేరు చెప్పను, చెప్పి వాళ్ళకి కీర్తి తేవడం దేనికి. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి చెవుల్లో, కనురెప్పల మీద, గోళ్ళ సందుల్లో అంతా ఎర్రటి ధూళి. చన్నీళ్ళు పోస్తే అది ఇంకా పట్టుకునేదే తప్ప వదిలేది కాదు. నడుం నొప్పి సంగతి సరేసరి.

మల్కాపురం దగ్గర కంపెనీ క్వార్టర్లో, పెరటి గోడవారగా మా రాగి బాయిలరు ఉండేది. మధ్య గొట్టంలో బొగ్గులు వేసి రాజేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. ఊదేది అమ్మ. అమ్మకి ఉబ్బసం. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఆ మాట నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు, పొగకే తెలీదు.

ఎనభైల మొదట్లో ఒక దసరాకి, కంపెనీ స్టోర్సులో గీజర్లు తగ్గింపు ధరకి ఇస్తున్నామని నోటీసు పెట్టారు. పాత రాగి బాయిలరు ఇచ్చేస్తే ఇంకా తగ్గింపు. నీళ్ళు ఎంత కాగాలో తిప్పుకోవడానికి ముందువైపు ఒక నాబు, అంత కాగగానే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు, ఒక ఎర్ర లైటు. నాన్న స్టోర్సుకి వెళ్ళి ఆ నాబు అటూ ఇటూ తిప్పి చూసి వచ్చాడు. అన్నం తింటూ తింటూ అమ్మతో అన్నాడు.

"ఇంకన నువ్వు ఊదక్కర్నేదు. తిప్పీడమే."

"మంట నేకండా నీలెలగ కాగుతాయి మావా?"

"కరెంటు కాత్తాది."

ఆ ఆదివారం బాయిలరుని రిక్షా ఎక్కించి స్టోర్సులో అప్పగించి, అదే రిక్షాలో గీజరు తెచ్చాడు. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాం. మా క్వార్టర్ల లైనులో ఎవరింటికి ఏ కొత్త యంత్రం వచ్చినా ముందు పూజ, తక్కిన సంగతులు ఆ తరవాతే. గోడకి బోల్టులు దిగ్గొట్టి గీజరు తగిలించాక గానీ నాన్న కంపెనీ ఎలక్ట్రీషియన్ని పిలుచుకురాలేదు. ఇంట్లో బల్బు వెలుగుతోంది, అంటే కరెంటు ఉన్నట్టే కదా అనుకున్నాం.

అతను స్విచ్చిబోర్డు విప్పి చూసి, మళ్ళీ బిగించేశాడు.

"బావా, ఇది లైట్ల వైరు. దీనికి గీజరెట్టీసినావంటే లైనంతా మాడిపోతాది. పవర్ పాయింటు గావాల."

"అయితే ఆ పాయింటే ఎట్టీ."

"ఈ లైనుకి నేదు బావా. ఆపీసర్ల బంగళాలకే ఇత్తారు."

ఇక్కడే నా కోపం మొదలవుతుంది. అమ్మినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మా క్వార్టర్లు కట్టించిందీ వాళ్ళే, వైర్లు వేయించిందీ వాళ్ళే, గీజరు అంటగట్టి బాయిలరు పట్టుకుపోయిందీ వాళ్ళే. "నీ ఇంట్లో ఇది పనిచెయ్యదయ్యా" అని ఒక్క ముక్క అంటే వాళ్ళ సొమ్మేం పోయేది? నాన్న వెనక్కి తీసుకోమంటే, తగ్గింపు సరుకు తిరిగి తీసుకునేది లేదన్నారు. పోనీ బాయిలరు ఇచ్చెయ్యమంటే అది అప్పుడే పాత సామాన్లవాడికి వెళ్ళిపోయిందన్నారు. సొంత ఖర్చుతో పాయింటు వేయించుకుంటానంటే క్వార్టరు గోడ ముట్టుకోవద్దన్నారు.

చివరికి మెయింటెనెన్సు ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. అవసరమైతే ఇంగ్లీషులో చెబుతానని నన్నూ తీసుకెళ్ళాడు. ఆ ఆఫీసరు వ్యవహారాన్ని ఇంగ్లీషు దాకా రానివ్వలేదు. చల్లటి గదిలో కూర్చుని, నవ్వుతూ, "చన్నీళ్ళ స్నానం ఒంటికి మంచిదయ్యా," అన్నాడు. నాన్న "చిత్తం" అన్నాడు. ఆ చిత్తం విని నాకు ఏడుపొచ్చింది.

అమ్మ పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, వాటి మీద డేగిసాతో నీళ్ళు కాచడం మొదలుపెట్టింది. బాయిలరుకి బొగ్గులు సరిపోయేవి. ఈ పొయ్యికి కర్రలు కావాలి. అవి ఎప్పుడూ సగం పచ్చిగానే దొరికేవి. తగ్గింపు పుణ్యమా అని అమ్మ దగ్గు పెరిగింది. నాన్న చన్నీళ్ళు చాలనేవాడు, ఆవిడ వినేది కాదు. పసుపు బొట్లతో గీజరు గోడ మీద ఊరికే ఉండేది.

చలి ముదిరాక ఒక సాయంత్రం, నాన్న డ్యూటీ దిగి అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. వెనకాలే ఆ ఆఫీసరు బంగళా నుంచి ప్యూను వచ్చాడు.

"మీకెలాగూ పనికిరాదు గదా, అయ్యగారు రెండో బాత్రూముకి అడగమన్నారు. కొన్నదానికి కొంత తగ్గించి ఇచ్చీమన్నారు."

తగ్గింపు మీద తగ్గింపు. నేను ఇవ్వొద్దన్నాను, ప్యూను ముందే, గట్టిగానే అన్నాను. నాన్న నా వైపు చూడలేదు. లోపల అమ్మ దగ్గు వింటున్నాడు. ఆ డబ్బు వస్తే ఆవిడ మందులకి పనికొస్తుంది. బోల్టులు విప్పి గీజరు దించి, ఆ ఎర్రధూళి బట్టలతోనే భుజాన పెట్టుకుని మోసుకెళ్ళాడు.

తిరిగొచ్చి, మన ఎలక్ట్రీషియనే దాన్ని ఇట్టే బిగించేశాడని చెప్పాడు. నీళ్ళు కాగేదాకా ఉండి చూసి వచ్చాడట. నాబు చెప్పినట్టే ఆగిందట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఆయన పడని కోపం అంతా నేనే పడ్డాను, ఇన్నేళ్ళయినా పడుతూనే ఉన్నాను, తగ్గించుకోవాలని కూడా లేదు.

చొక్కా విప్పి దండెం మీద వేసి, "ఈయేలకి సన్నీలు సాలు," అన్నాడు నాన్న.

"నెత్తి నిండా మట్టే. నానెలగ ఊరుకుంతాను?" అని అమ్మ దగ్గుకుంటూ వెళ్ళి పొయ్యి రాజేసింది.