చర్చి నేలకు నీళ్లు పోసిందెవరు?

2022 మే నెల. అవనిగడ్డ దాటాక పొలాల మధ్య ఉన్న ఒక ఊళ్లో, కొత్తగా కట్టిన చర్చికి చెక్క ఫ్లోరు వేశాను. బందరులో నా ఫ్లోరింగ్ షాపుకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లలో నేను వేసిన చెక్కంతా వరసగా పరిస్తే బందరు నుంచి హంసలదీవి దాకా కాలికి మట్టంటకుండా నడిచి వెళ్లొచ్చని అందరికీ చెప్తుంటాను. ఇంట్లో మాత్రం చెప్పను, మా ఆవిడకు లెక్కలొచ్చు.

మేం వేసేది ఇంజినీర్డ్ వుడ్. పైన నాలుగు మిల్లీమీటర్ల అసలు టేకు, కింద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి అతికించిన ప్లై పొరలు. ఒక పొర సాగబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. అందుకే వట్టి చెక్క పలక కంటే ఇది నిలకడగా ఉంటుంది. కానీ దాని ఆయుష్షు సబ్‌స్ట్రేట్ చేతిలో ఉంటుంది. సబ్‌స్ట్రేట్ అంటే చెక్క కూర్చునే పీట. ఇక్కడ కాంక్రీటు స్లాబు. దాంట్లో చెమ్మ ఉందో లేదో తెలియడానికి స్లాబు మీద పాలిథిన్ షీటు పరిచి, అంచులు టేపుతో మూసి, మర్నాడు ఎత్తి చూస్తాం. చూశాను. పొడి. స్లాబు వేయించిన అప్పడంలా ఉందనీ, ఫ్లోరుకు పాతికేళ్లు ఢోకా లేదనీ సంఘం మొత్తం ముందు మైకు పట్టుకుని మరీ చెప్పాను.

ఆగస్టులో ఫోనొచ్చింది. శనివారం పొద్దున్నే వెళ్లాను. పలకల అంచులన్నీ పైకి లేచి, నడుమ గుంటలు పడి, నేలంతా పెంకులు వెల్లకిలా పేర్చినట్టు ఉంది. దీన్ని కప్పింగ్ అంటాం. చర్చి తుడిచే దీనమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. సంఘ పెద్ద ప్రకాశరావు గారు ఆవిడ వైపు వేలు చూపించారు.

"ఇదిగో, ఈవిడ నిర్వాకమండీ. బిందెలకి బిందెలు కుమ్మరించింది. రేపు ఆరాధనయ్యాక కమిటీ కూర్చుంటుంది. పన్లోంచి తీసేస్తున్నాం."

"పాత చర్చిలో గచ్చు కాబట్టి పోసేదాన్నయ్యా," అంది దీనమ్మ. "ఇక్కడ గుడ్డ పిండి తుడుస్తున్నాను. పదిహేనేళ్లుగా చేస్తున్నాను, ఈ పని పోతే నేనెక్కడికెళ్లను?"

"ముందు ఫ్లోరు సంగతి చెప్పు," అన్నారాయన.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మాటలు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా నీళ్లు పోస్తే నా గ్యారంటీ చెల్లదు. అవునని తలూపితే చాలు, మధ్యాహ్నం భోజనానికి బందరులో ఉంటాను. సగం ఊపాను కూడా.

"బీరువా కింద చూడండి మేస్త్రిగారూ," అంది దీనమ్మ. "అక్కడ పెట్టింది మొదలు దాన్నెవరూ కదపలేదు. దాని కిందికి నా గుడ్డెలా వెళ్తుంది?"

నలుగురం పట్టి పాటల పుస్తకాల బీరువా జరిపాం. మిగతా చోట్ల కంటే అక్కడే పలకలు ఎక్కువ లేచాయి! ఒకటి ఊడదీశాను. పైన టేకు పొడిగా ఉంది. కింద ప్లై నల్లబడి, ముట్టుకుంటే వేలికి తడి తగిలింది. కిటికీలోంచి బయటికి చూశాను. మేలో నెర్రెలిచ్చిన పొలం ఇప్పుడు నాట్లేసి నీళ్లతో నిండుగా ఉంది. ఎండాకాలం కాలవలకు నీళ్లు కట్టేసిన రోజుల్లో భూమిలో నీరు కిందికి దిగిపోతుంది. వదిలాక పైకొస్తుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టు స్లాబు ఆ చెమ్మను పీలుస్తుంది. ఈ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, అంత మాత్రం తట్టలేదు నాకు.

రెండు చోట్ల పలకలు తీసి, స్లాబు మీద షీట్లు అంటించి, చర్చి తాళం ప్రకాశరావు గారి చేతికే ఇచ్చాను. మర్నాడు ఆరాధనయ్యాక అందరూ చూస్తుండగా టేపు లాగాను. షీటు లోపలంతా నీటి బొట్లు. ఇంకో రెండు రోజులుంచితే అందులో చేపలు పట్టి గిలకలదిండి రేవులో వేలం వేసేవాళ్లం.

"అయితే తప్పెవరిదంటారు?" అన్నారు ప్రకాశరావు గారు.

"నాదండీ. కాలవలు కట్టేసిన నెలలో పరీక్ష చేసి పాతికేళ్లకు మాటిచ్చాను. నీళ్లు కిందినుంచి వచ్చాయి. దీనమ్మ గారు గుక్కెడు కూడా ఒలకబొయ్యలేదు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. నడుం మీద చెయ్యేసుకుని, "నాట్లప్పుడు మా ఇంట్లో గచ్చు కూడా చెమరుస్తుందండీ. మేలో నన్నొక్క మాట అడగాల్సింది," అంది. కమిటీ అంతా గొల్లున నవ్వింది. ప్రకాశరావు గారు లేచి, "పొరపాటుగా మాటన్నానమ్మా," అన్నారు. అదే మైకులో.

ఫ్లోరంతా నా ఖర్చుతోనే తీసి మళ్లీ వేశాను. స్లాబు ఆరాక ముందు రెండు పూతలు ఎపాక్సీ, అంటే గాజులా గట్టిపడి కింది చెమ్మను పైకి రానివ్వని రెసిన్. దాని మీద నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లై. ఆ పైన కొత్త పలకలు.

మరుసటి ఆగస్టులో, పొలం నిండుగా ఉన్నప్పుడు, ఎవరూ పిలవకుండానే వెళ్లాను. తిన్నని అల్యూమినియం పట్టీ ఒకటి పలకలకు అడ్డంగా అంచు మీద నిలబెట్టి, కింద వెలుగు కనిపిస్తే చెప్పమన్నాను. ప్రకాశరావు గారూ, పాస్టరు గారూ, ఇంకో ఇద్దరు పెద్దలూ తెల్లబట్టలతో బోర్లా పడుకుని, చెంపలు నేలకానించి చూశారు. దారం పట్టేంత సందు కూడా లేదు. అయినా లేవరే! చివరికి దీనమ్మ గుడ్డ పిండుకుంటూ వచ్చి, "చూసింది చాల్లెండి, లేవండయ్యా, నేను తుడుచుకోవాలి," అంటే నలుగురూ గబగబా లేచారు.

ఇప్పుడు ఏ ఇంటికి పనికి వెళ్లినా చెమ్మ కొలిచే మీటరూ షీటూ వెంటనే సంచిలోంచి తియ్యను. ముందు ఆ నేల తుడిచే మనిషిని పిలిపించి, "నాట్లప్పుడు ఇది ఎలా ఉంటుందమ్మా?" అని అడుగుతాను. గ్యారంటీ మాట ఆ తరవాతే.