ఆరుగురి మధ్య ఖాళీ

నాగేంద్రబాబు ఎవరింటికి వెళ్ళినా, చెప్పులు విడిచి నేరుగా గోడ దగ్గరికి నడుస్తాడు. చనిపోయిన వాళ్ళ ఫోటోల ముందు తల కొంచెం పక్కకు వంచి నిలబడతాడు. అద్దం మీద వెలుగు పడకుండా అరచెయ్యి అడ్డం పెడతాడు. చూసేది మొహం కాదు, ఎడమ చెవి. చూశాక చెయ్యి దించి, వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఇంటివాళ్ళు మంచినీళ్ళు ఇస్తారు. ఫోటోలవాడు కదా, అద్దంలోకి చెమ్మ దిగిందేమో చూస్తున్నాడనుకుంటారు.

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఆయనకు ఫోటో ఫ్రేముల కొట్టు ఉంది. తండ్రి నాటికి అది ఫోటో స్టూడియో. ఆ రోజుల్లో చాలామంది బతికుండగా ఒకే ఒక్కసారి ఫోటో దిగేవారు. అదీ పదిమంది మధ్యలో. మనిషి పోయాక ఇంటివాళ్ళు ఆ ఫోటో తెచ్చి, మావాణ్ణి ఒక్కణ్ణే చేసివ్వమని అడిగేవారు. తండ్రి సన్నటి కత్తెరతో ఆ మనిషిని పక్కవాళ్ళ నుంచి విడదీసి, మైదా బంకతో అట్ట మీద అంటించి, నీటి రంగులతో నల్లకోటు తొడిగేవాడు. నోరు తెరిచి ఉంటే మూసేవాడు. దండ వేసే ఫోటోలో మనిషి నవ్వకూడదు. ఆ నియమం తండ్రి పెట్టింది కాదు, వచ్చినవాళ్ళందరూ అడిగేదే. అందుకే ఈ చుట్టుపక్కల పాత గోడల మీద రైతు, కరణం, బండి తోలినవాడు, అందరూ ఒకే కోటులో ఉంటారు.

కత్తిరించగా మిగిలినవాళ్ళను తండ్రి పారేసేవాడు కాదు. బతికున్నారో లేదో తెలియని మొహాలు చెత్తలో వెయ్యకూడదని ఒక రేకు డబ్బాలో ఉంచేవాడు. తండ్రి పోయాక నాగేంద్రబాబు ఆ డబ్బా తెరిచాడు. అందులో ఒక ఫోటోలో పెద్ద విమానం ఉంది. దాని ముందు మందపాటి బట్టల్లో ఆరుగురు తెల్లవాళ్ళు. నడుమ మనిషి ఆకారంలో ఖాళీ. ఆరుగురూ ఆ ఖాళీ వైపు తిరిగి నవ్వుతున్నారు. పక్కన నిలబడ్డవాడు ఖాళీ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అతని టోపీకి ఆనుకుని సగం చెవి మిగిలింది. టోపీకీ చెవికీ మధ్య కత్తెర దూరలేదు. ఖాళీలో ఉండాల్సినవాడి ఎడమ చెవి అది.

నాగేంద్రబాబు దానికి ఫ్రేము కట్టి, కొట్లో తను కూర్చునే చోటికి ఎదురుగా తగిలించాడు.

పేట నుంచి ఎవరో ఒకడు ఆ విమానం ఎక్కాడు. ఎవరో తెలియదు. తండ్రి పేర్లు రాసుకునే మనిషి కాదు. నాగేంద్రబాబు మొదట ఊళ్ళో అడిగాడు, తర్వాత గుంటూరు వెళ్ళి అడిగాడు. ఇంటర్నెట్ వచ్చాక మల్లమ్మ సెంటర్లో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్ళి, ఆ ఫోటోనూ విమానం పక్కన రాసి ఉన్న అక్షరాలనూ, పాత విమానాల గురించి మాట్లాడుకునే వాళ్ళకు పంపించాడు. రాత్రుళ్ళు బాంబులు వేసే విమానమనీ, అందులో ఏడుగురు ఉంటారనీ వాళ్ళు చెప్పారు. అంతకు మించి చాలా ఏళ్ళు ఏమీ తెలియలేదు. భార్య శ్రీదేవి నవ్వేది. "నీ ఆరుగురు బావమరుదులకి కూడా బియ్యం పొయ్యమంటావా?" అని అన్నం వార్చేటప్పుడు అడిగేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ తర్వాత ఆ మాట అనేవాళ్ళు లేరు. ఆయన మధ్యాహ్నం భోజనం కూడా కొట్లోనే, ఆ ఫోటో ఎదురుగా తినడం మొదలుపెట్టాడు. ఊరందరికీ ఫ్రేములు కట్టినవాడు ఆమె ఫోటోకు మాత్రం ఇంకా కట్టలేదు.

ఒక రోజు ఇంగ్లండు నుంచి షెర్లీ అనే ఆమె ఇంటర్నెట్లో ఆ ఫోటో చూసి ఫోన్‌కు సందేశం పంపింది. ఎనభై దాటిన మనిషి. చెయ్యి వేసినవాడు తన తల్లికి తమ్ముడని, విమానం తోకలో తుపాకి పట్టుకుని కూర్చునేవాడని రాసింది. నాగేంద్రబాబు ఫోనులోనే తెలుగు చేసుకుని చదువుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, జర్మనీలో ఒక ఊరి మీద బాంబులు వేసి తిరిగి వస్తుంటే, హాలెండు మీద ఆ విమానాన్ని కూల్చేశారు. బీట్‌రూట్ చేలో పడింది. ఎవరూ మిగలలేదు. ఆ ఊరివాళ్ళు ఏడుగురినీ తమ చర్చి పక్కన వరసగా పూడ్చారు. ఏడో రాయి మీద కోటేశ్వరరావు అని, గుంటూరు జిల్లా అని ఉంది. తండ్రి పేరు లేదు. ఊరు పేరు లేదు.

కోటప్పకొండ కనబడే మేరలో ప్రతి ఇంట్లో ఒక కోటేశ్వరరావో కోటయ్యో ఉంటాడు. పేరు దొరికినా మనిషి దొరకలేదు. అప్పుడాయన చెవులు చూడటం మొదలుపెట్టాడు. ఖాళీలోంచి కత్తిరించిన మనిషి ఏ గోడ మీద ఉన్నా, ఆ ఫోటోలో ఎడమ చెవి తండ్రి రంగుతో గీసిందై ఉండాలి.

షెర్లీ ఆరోగ్యం బాగుండేది కాదు. ఏడుగురినీ ఒక్కచోట చూడాలని ఉందని, తన మామయ్య చెయ్యి దేని మీద ఉందో చూడాలని ఉందని రాసేది. నాగేంద్రబాబు ప్రతిసారీ వెతుకుతున్నానని బదులిచ్చేవాడు.

మొన్న మాఘమాసంలో నూజెండ్లలో ఎవరిదో పెద్దకర్మకు వెళ్ళాడు. జనం ఎక్కువై పక్కింటి వసారాలో కూడా విస్తళ్ళు వేశారు. లేచి చెయ్యి కడుక్కుని, అలవాటు కొద్దీ గోడ దగ్గరికి నడిచాడు. చిన్న ఫోటో. నల్లకోటు. మూసిన నోరు. ఎడమ చెవి కుడి చెవి కంటే కొంచెం కిందకు ఉంది.

ఆ ఇల్లు బసవమ్మది. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఫోటోలో ఉన్నది ఆమె తండ్రికి తమ్ముడు కోటయ్య. యుద్ధంలోకి వెళ్ళాడని, రాలేదని మాత్రం తెలుసు. అతను పోయాక ఆమె పుట్టింది. ఊహ తెలిసినప్పుడు నాయనమ్మ ఎత్తుకుని ఆ ఫోటోకు దండ వేయించింది. నాయనమ్మ పోయాక పెళ్ళయి ఈ ఇంటికి వస్తూ ఫోటో తనతో తెచ్చుకుంది. అప్పటి నుంచి ఏ పండుగకూ దండ తప్పలేదు.

నాగేంద్రబాబు తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాడు. ఆరుగురి ఫోటో తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఖాళీ చుట్టూ వేలితో తడిమింది. కోటు రంగు తడి దూదితో కడిగితే పోతుందని, కింద అసలు ఫోటో ఉంటుందని, ఒకసారి పోతే ఆ కోటు మళ్ళీ రాదని ఆయన చెప్పాడు. ఆమె వద్దంది. ఆ ఫోటో తప్ప చిన్నాయన్ని ఎరగనని, ఉన్నదాన్ని చెరపొద్దని అంది. ఆయన బలవంతపెట్టలేదు. ఆరుగురి ఫోటో సంచిలో పెట్టుకుంటూ, తెగిన మణికట్టు చూపించి, ఈ చెయ్యి తాలూకు వేళ్ళు మీ ఫోటోలో కోటు కింద ఉన్నాయని మాత్రం అన్నాడు.

బసవమ్మ గోడ వైపు చూసింది.

"ఎవరివి?"

"పక్కన నిలబడ్డాయనవి. ఇద్దరినీ ఒకే చోట పూడ్చారు అక్కయ్యా. పక్కపక్కనే రాళ్ళు."

"ఇన్నేళ్ళ నుంచీ మా చిన్నాయన భుజం మీద ఎవురో చెయ్యేసే ఉన్నారా?"

"ఉన్నారు."

ఆమె తన కొడుకు రాజీవ్ వినుకొండలో కొత్త ఇల్లు కట్టాడని, అందులో పాత ఫోటోలు పెట్టనన్నాడని చెప్పింది. తన తర్వాత దండ వేసేవాళ్ళు ఎలాగూ లేరు.

"కడుగు అబ్బాయా. ఆ వేళ్ళు నేనూ చూస్తా" అంది.

కోటు సంగతి నాగేంద్రబాబు చెప్పాడు. నోటి సంగతి చెప్పలేదు. ఆరుగురు నవ్వుతున్నప్పుడు ఏడోవాడు కూడా నవ్వుతూ ఉంటాడని ఆయనకు తెలుసు. ఆమె అడగలేదు కాబట్టి చెప్పలేదని తర్వాత అనుకున్నాడు.

వసారాలో ఎండ పడే చోట పీట వేసి, ఫ్రేము విప్పి, అట్టను పీట మీద పెట్టాడు. బసవమ్మ ఇంట్లో ఉన్న పత్తి తెచ్చి ఇచ్చింది. బంక నానకుండా దూదిని పిండి, ఒక్కో అంగుళం తుడిచాడు. నలుపు దూదికి ఎక్కింది. భుజం మీద మొదట గోళ్ళు కనిపించాయి. కొరికి కొరికి పొట్టివైన గోళ్ళు. తర్వాత నాలుగు వేళ్ళు. గట్టిగా పట్టుకున్న వేళ్ళు. బసవమ్మ వంగి చూసింది. చూపుడు వేలితో వాటిని తాకబోయి ఆగింది.

"చలి దేశం గదా. చేతికి ఏవన్నా తొడుక్కోవచ్చుగా" అంది.

తర్వాత మొహం. తండ్రి వేసిన తెల్లటి పూత పోయి, కింద చామనచాయ వచ్చింది. మూసిన పెదాల గీత చెరిగింది. పళ్ళు కనిపించాయి. నోరంతా తెరిచి, కళ్ళు సగం మూసుకుని, ఇరవై దాటిన కుర్రాడు నవ్వుతున్నాడు.

బసవమ్మ అట్టను రెండు చేతులతో ఎత్తి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. తిరిగి పీట మీద పెట్టేసింది.

"వీడెవురో నేనెరగను" అంది.

"మీ చిన్నాయనే అక్కయ్యా. ఈయనే అసలు."

"అయ్యుండొచ్చు. నవ్వేవాడికి దండ ఎట్టా ఎయ్యమంటావు?"

రంగునీళ్ళు గిన్నెలో నల్లగా ఉన్నాయి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ ఫోటో నీ కాడే ఉంచుకో, మీ వాళ్ళతో కలుపుకో అంది. కోపంగా అనలేదు. లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ఆయన గిన్నె కడిగి బోర్లించి, అట్టను బట్టలో చుట్టుకుని బయల్దేరాడు. వసారా దిగుతూ ఒకసారి వెనక్కి చూశాడు. గోడ మీద ఫ్రేము ఉన్న మేర సున్నం తెల్లగా ఉంది.

సాయంత్రం కొట్లో కోటయ్యను అట్ట నుంచి విడదీసి ఆరుగురి మధ్య ఉంచాడు. భుజం భుజానికి కలిసింది. మణికట్టు వేళ్ళకు కలిసింది. తండ్రి గీసిన చెవి కడిగినప్పుడే పోయింది, టోపీ పక్కనున్న అసలు చెవి దాని చోట కూర్చుంది. ఫోటో తీసి షెర్లీకి పంపించాడు. ఆమె వెంటనే బదులు రాసింది. మామయ్య గోళ్ళు కొరుక్కునేవాడని అమ్మ చెబుతుండేది, ఇప్పుడు చూశాను అని రాసింది. మీ ఊరి అబ్బాయి ఏం మాట్లాడితే వీళ్ళందరూ అంతగా నవ్వుతున్నారో అని అడిగింది. తనకు తెలియదని నాగేంద్రబాబు రాశాడు.

ఫోటో ఫ్రేములో బిగించి, దాని చోట తగిలించి, తన కుర్చీలో కూర్చున్నాడు. చూస్తూ ఉండగా ఒకటి అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆ ఆరుగురూ ఖాళీ వైపు చూశారు. ఆ ఖాళీకి ఎదురుగా కూర్చున్నది తనే. తనను చూసి నవ్వుతున్నారని ఎప్పుడూ పైకి అనుకోలేదు. కానీ అన్నం తినేటప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు వాళ్ళు కోటయ్యను చూస్తున్నారు. కోటయ్య వాళ్ళను చూస్తున్నాడు. ఏడుగురూ ఒకరికొకరు సరిపోయారు. ఆయన లేచి షట్టర్ దించాడు.

మర్నాడు పొద్దున కొట్టు తియ్యలేదు. ఫోటో తీసుకోలేదు. చేతిలో ఏమీ లేకుండా వినుకొండ బస్సెక్కి, అక్కడ దిగి, ఆటోలో నూజెండ్ల వెళ్ళాడు. బసవమ్మ వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తలెత్తి ఆయన్ను చూసి, మళ్ళీ కాయల మీదికి వంగింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, కుప్పలోంచి కొన్ని కాయలు తన వైపు లాక్కుని, తొడిమలు తీస్తూ, కోటయ్య ఏ విమానం ఎక్కాడో, అందులో ఎక్కడ కూర్చునేవాడో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.