ఎల్డన్ లైసెన్సు బరువు

మా విస్కాన్సిన్ పల్లెల్లో మగవాడు పొలం ఎన్ని ఎకరాలో చెబుతాడు, ఆవు ఎన్ని పాలిస్తుందో చెబుతాడు, ఒంటి బరువు మాత్రం చెప్పడు. అడిగితే డ్రైవింగ్ లైసెన్సు తీసి చూపిస్తాడు. దాని మీద ఎప్పుడో కుర్రతనంలో నోటితో చెప్పిన అంకె ఉంటుంది. లైసెన్సు ఆఫీసులో ఎవరూ తూచరు, ఈయనా మార్చడు.

మా పక్క పొలం ఎల్డన్ థోర్సన్ లైసెన్సు మీద నూట అరవై ఐదు పౌండ్లు. పాల ట్యాంకరు నడిపి రిటైరైన మనిషి, ట్రాక్టరు షెడ్డులో సొంతంగా విమానం కట్టాడు. ఇంజను వెనకాల. ముందు సీట్లో తను, తన వీపు వెనక సీట్లో భార్య ఆర్లిస్. రెక్కల రేకులు బిగించే రివెట్లలో సగం ఆర్లిస్ కొట్టినవే. ఆవిడకు ఒకటే కోరిక, ఆ సీట్లో కూర్చుని తన ఇంటి కప్పును పైనుంచి చూడాలి.

కానీ ఎల్డన్ ఎప్పుడు లెక్క వేసినా, ఆర్లిస్ ఎక్కితే విమానం బరువు సమంగా తూగే చోటు వెనక హద్దు దాటి వేలెడు పోయేది. తోక బరువైన విమానం గాల్లో ఎవరి మాటా వినదు. పాపం, బరువు తగ్గాలని ఆర్లిస్ వేసవంతా వేయించిన చీజు ముక్కలు ముట్టలేదు. మా విమానాల క్లబ్బులో లెక్కలు చూసే వెండెల్, "విమానం ముక్కులో ఇసుక మూట పెట్టరా," అంటే ఎల్డన్ ఇంతెత్తున లేచాడు.

"నా విమానానికి ఇసుక మూటా? గాలిపటంలా కట్టానురా దాన్ని!"

తూకం రోజు మాకు పండగే. క్లబ్బంతా సాసేజిలు, బీరు, చెర్రీ పళ్లు కూరి కాల్చిన 'పై' రొట్టె పట్టుకుని షెడ్డులో దిగింది. మూడు చక్రాల కింద మూడు తూకం మిషన్లు పెట్టాం. ముందు చక్రానిది నా కాపలా. ఖాళీ విమానం బాగానే తూగింది. దానికి లైసెన్సు అంకె, ఆర్లిస్ అంకె కలిపితే మళ్లీ వేలెడు వెనక్కే. ఆర్లిస్ మొహం చూడలేక నేను తలొంచుకు కూర్చున్నాను.

"ఎల్డన్, నువ్వొకసారి ఎక్కు, సరిచూద్దాం," అన్నాడు వెండెల్.

"ఎందుకూ? లైసెన్సుందిగా."

"లైసెన్సు ఎగురుతుందేంట్రా? ఎక్కు!"

ఎక్కాడు. నా మిషను మీద అంకె చూసి కళ్లు నలుపుకున్నాను. వెండెల్ మూడూ కలిపి, ఖాళీ బరువు తీసేసి, నవ్వలేక నేల మీద కూలబడ్డాడు.

"రెండొందల పద్నాలుగు!"

"బూట్లవి!" అని అరిచాడు ఎల్డన్. బూట్లు విప్పాడు. తాళాలగుత్తి విసిరాడు. టోపీ తీశాడు. బెల్టు మీద చెయ్యి వేసేసరికి ఆడవాళ్లు కెవ్వుమన్నారు. రెండొందల తొమ్మిది.

అప్పటికే వెండెల్ మళ్లీ లెక్క వేస్తున్నాడు. ఎల్డన్ కూర్చునేది ముందు. అతను బరువెక్కినకొద్దీ తూగే చోటూ ముందుకు జరుగుతుంది.

"ఆర్లిస్! హద్దులోకి వచ్చేశావమ్మా! మొత్తం బరువు కూడా సరిపోయింది. మనకు కావలసిన ఇసుక మూట వీడే!"

నేను ఎగిరి గంతేశాను, చేతిలో బీరంతా నా నెత్తినే పడింది. ఆర్లిస్ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని మొగుడి ముందు నిలబడింది.

"వేసవంతా నా నోరు కట్టేశావు కదయ్యా! ఒక్క అంకె నిజం చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

ఎల్డన్ చెవులు ఎర్రబడ్డాయి. "పెళ్లినాడు అంతే ఉన్నాను ఆర్లిస్. నీకు ఆ మనిషిలాగే కనబడాలని..."

"ఆ మనిషితో నేను ఎగరలేనటగా. నాకు ఈ మనిషే కావాలి," అంది ఆర్లిస్.

కొత్త విమానాన్ని పరీక్షించడానికి ఎల్డన్ ఒంటరిగా ఎన్నిసార్లు ఎగరాలో అన్నీ అయ్యాకే ఆవిడ ఎక్కేది. అప్పటిదాకా ఒక్క పౌండు తగ్గినా ఊరుకోనని చెప్పి, అతని పళ్లెంలోకి పెద్ద చెర్రీ పై ముక్క తోసింది. తనూ ఒకటి అందుకుని, నోటిదాకా తెచ్చి, ఆగి వెండెల్ వైపు చూసింది.

వెండెల్ బరువుల లెక్క కాగితం పైనుంచి కిందికి చదివాడు.

"తిను తల్లీ," అన్నాడు. "ఇంకా చోటుంది."