బావ జీపుకు మేం బిగించిన హెడ్డు

పోయిన వారం ఓర్వకల్లు నుంచి ఒక కుర్రవాడు పాత జీపు వేసుకుని మా లేత్ షెడ్డుకు వచ్చాడు. ఇంజనుకు టర్బో పెట్టించాలట, క్యామ్‌షాఫ్ట్ మార్పించాలట, వాటితో పాటు హెడ్డు కూడా గీయించి కంప్రెషన్ పెంచితే ఎంతవరకు తట్టుకుంటుందో ముందే చెప్పాలట. ఫోన్లో లెక్కలు వేసుకుని వచ్చినవాడు, నేను ఒక మాటంటే రెండు ప్రశ్నలు వేశాడు. పనివాళ్లు నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ల కిందట ఇదే కర్నూలులో, ఇవే మూడు పనులు ఒకే ఇంజనుకు చేసి, మా అక్క సంసారాన్ని రోడ్డున పడేసిన వాళ్లలో నేనొకణ్ణి.

షెడ్డు అప్పట్లో మా మేనమామది. హెడ్డు గీయడంలో ఆయనకు పెద్ద పేరు. ఇంజను నెత్తిన మూతలా బిగించే ఆ హెడ్డు అడుగును గీసి పలుచన చేస్తే, పిస్టన్ పైకొచ్చినప్పుడు గాలి మరింత ఇరుకున పడి నలుగుతుంది, ఆ నలుగుడునే కంప్రెషన్ అంటాం, అది పెరిగితే బండి లాగుడూ పెరుగుతుంది. అందుకని ఏ బండి వచ్చినా మామ వైద్యం అదొక్కటే, తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే పల్లెటూరి డాక్టరు మాదిరి. గిరాకీల ముందు ఆయన మాటకు అడ్డం చెప్పినవాడు లేడు. నేనైతే మరీను, ఆయన రెండో కూతుర్ని నాకిస్తారని ఇంట్లో అనుకుంటున్న రోజులవి, ఆయన దగ్గితే నీళ్ల చెంబుతో పరుగెత్తేవాణ్ణి.

మా అక్క మొగుడు, అంటే బావ, పత్తికొండ నుంచి కర్నూలు మార్కెట్టుకు జీపులో టమోటా తోలేవాడు. ఎండ ముదరక ముందు చేరిన కాయకే విలువ, బావ జీపేమో ఎప్పుడూ అందరికంటే వెనక. రైతులు ఒక్కొక్కరే వేరే బండ్లకు ఎత్తడం మొదలుపెట్టారు. ఆ జీపు తప్ప వాళ్లకు మరో ఆధారం లేదు. మామ జాలిపడి, అప్పటికే ఒకసారి గీసిన ఆ హెడ్డును మళ్లీ గీసి, గాలికి దారి తీసి మూసే వాల్వులను ఇంకా లోతుకు దించే క్యామ్‌షాఫ్ట్ వేయించి, పాత లారీ టర్బో ఒకటి తెచ్చి తగిలించాడు. టర్బో అదనంగా గాలి దూర్చేటప్పుడు కంప్రెషన్ కాస్త తగ్గించుకోవాలి, వాల్వు లోతుకు దిగేటప్పుడు పిస్టన్‌కు ఎడం పెంచుకోవాలి. మామ రెండూ తలకిందులుగా చేశాడు.

మరునాడు ఆయుధపూజ. బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించిన బండి ఇంజన్ను ఆ ఏడాది విప్పకూడదని మా షెడ్డు కట్టు. కాబట్టి ఎడం చూసుకోవడానికి ఆ మధ్యాహ్నమే గడువు. క్యారియరులోని సంగటి ముద్ద చిటికెడు తీసి, నూనె రాసి, పిస్టన్ నెత్తిన అతికించి, హెడ్డు బిగించి, ఇంజన్ను చేత్తో తిప్పి మళ్లీ విప్పేవాళ్లం. వాల్వు నొక్కిన చోట సంగటి ఎంత మందం మిగిలితే అంత ఎడం ఉన్నట్టు. ఆ రోజు ఏమీ మిగల్లేదు, చిల్లుపడి లోపలి లోహం తళతళలాడింది.

"ముద్ద ఎట్లుండాది రా?" అని మామ గడప దగ్గర నుంచే అడిగాడు. ఆయన పక్కన బల్ల మీద బావ కూర్చుని నా మొహంలోకే చూస్తున్నాడు.

"సాలినంత సందుండాది మామా" అన్నాను. ఆ సంగటిని గుడ్డతో తుడిచేశాను.

పది రోజులు జీపు గాలిలో తేలినట్టు పోయింది. అక్క సంతోషం పట్టలేక అదే జీపులో నాకు ఓళిగలు పంపింది, సిగ్గు లేకుండా తిన్నాను. పదకొండో రోజు నిండు లోడుతో కోడుమూరు దాటాక వాల్వు పిస్టన్‌కు తగిలి విరిగింది, పిస్టన్‌ను మోసే రాడ్డు ఇంజను పక్కను చీల్చుకుని బయటికొచ్చింది. కాయంతా రోడ్డు మీదే కుళ్లిపోయింది. ఇంజను విప్పినప్పుడు పిస్టన్ మీద వాల్వు గుద్దిన అచ్చు మామా చూశాడు, నేనూ చూశాను, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"మితం లేకుండా తోలినావప్పా, శానా తోలినావు. ఇంజనేం జేస్తాది?" అన్నాడు మామ, పదిమందిలో. బావ తల వంచుకుని తప్పు నాదేనన్నాడు. జీపు తుక్కుకు పోయింది. ఆయన బతికినన్నాళ్లూ పరాయి లారీలే తోలాడు, పిల్లలిద్దరినీ బడి మానిపించాడు. ఆ మరుసటి వేసవిలో మామ కూతురితో జరిగిన నా పెళ్లిలో నడుం బిగించి వడ్డన చేసింది బావే.

మామ పోయి చాలా కాలమైంది, బావ పోయి మూడేళ్లు. పోయిన నెల పత్తికొండకు వెళ్తే, నాకు అన్నం వడ్డిస్తూ అక్క తన మనవళ్లకు ఆ కథే చెప్తోంది. "మీ తాతకు బండి తోలేది యాడ వచ్చురా? మా మామ బంగారట్లాంటి ఇంజను చేసిచ్చినా పది దినాలు నిలుపుకోలేకపాయ" అని నవ్వింది. అప్పుడైనా చెప్పాల్సింది. తల వంచుకుని తిని చేయి కడుక్కున్నాను.

ఈ కాలం పిల్లలు పెద్దల మాటకు ఎదురు చెప్తున్నారని, మన రోజుల్లో ఆ పప్పులు ఉడికేవి కావని నా ఈడు వాళ్లంతా గొప్పగా చెప్పుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎదురు చెప్పకపోవడాన్ని మనం మర్యాద అనుకున్నాం. ఆ మర్యాదతోనే నేను పెళ్లాన్నీ షెడ్డునూ దక్కించుకున్నాను. బావ మాత్రం తనకు బండి తోలడం రాదని నమ్ముతూనే పోయాడు.