వెనక్కి కారిన వెలుతురు

ఇది కల్పించి చెప్పేది కాదు. నా కళ్లెదుట... కాదు, కళ్లెదుట అని కూడా అనలేను. నా కాళ్ల కింద జరిగింది. తాగి ఉన్నావా అని అడగకండి. ఆ రాత్రి నేను తాగింది ఆస్పత్రి క్యాంటీన్ చాయ్, అదీ రెండే రెండు కప్పులు. నవ్వేవాళ్లు చివర్లో నవ్వండి.

దుబాయ్ మాల్స్‌లో ఆరేళ్లు తెరలు బిగించి, ఇక చాలనుకుని కరీంనగర్ వచ్చేశాను. నాకు తెలిసిన పని ఒక్కటే. అద్దానికి బిగించే పారదర్శక ఎల్ఈడీ తెర. సన్నని పట్టీలు వరసగా ఉంటాయి. వాటి మీది దీపాలు రోడ్డు వైపు వెలుగుతాయి. మధ్య ఖాళీల్లోంచి లోపలివాళ్లకు బయట అంతా కనిపిస్తుంది. ఇక్కడ నాకు దొరికిన మొదటి పని ఒక కంటి ఆస్పత్రి. మొదటి అంతస్తు అద్దం మొత్తం నా తెరే. వెలిగించిన రోజు రోడ్డు మీద నిలబడి చూసుకున్నాను. నా పెళ్లినాడు కూడా అంత సంబరపడలేదు. ఈ మాట మా ఇంట్లో చెప్పకండి.

మర్నాడే ఫోన్ వచ్చింది. ఆ అద్దం వెనకే ఆపరేషన్ అయినవాళ్లు పడుకునే వార్డు. నా తెర వెలుతురు కొంత అద్దానికి తగిలి వెనక్కి, వార్డులోకి కారుతోంది. గోడల మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఒక కంటికి కట్టున్నా రెండో కన్ను ఉంటుంది కదా, ఎవరికీ నిద్ర లేదు. డాక్టరుగారు పిలిచి మెల్లగానే చెప్పారు.

"సమ్మయ్యా, రేపు పొద్దుగాల రౌండుకు వస్త. నైట్ సిస్టర్‌నడిగి తెలుసుకుంట. లోపల వెలుగు పడ్డదంటే తెర ఇప్పుకొని పో. నిన్నేమనను, ఫికర్ చెయ్యకు."

ఏమనను అన్నారు చూడండి, అక్కడే నాకు భయమేసింది. మొదటి పనే విప్పుకుపోయినవాణ్ని ఈ ఊళ్లో రెండో పనికి ఎవరు పిలుస్తారు? పరదా వేసెయ్యొచ్చు కదా అంటారేమో. పరదా వేస్తే గాలి ఆడక తెర వేడెక్కుతుంది.

కారే వెలుతురు చీకట్లోనే దొరుకుతుంది. అందుకని వార్డు దీపాలన్నీ ఆర్పించి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. పట్టీల వెనకా పక్కలా నల్ల టేపు. పట్టీకీ అద్దానికీ మధ్య సందుల్లో నల్ల స్పాంజి. సాయానికి ఎవరూ లేరు, నేనొక్కణ్నే. ఫోను నిచ్చెన పక్కనే కిటికీ దగ్గర చార్జింగ్‌లో ఉంది. నా నిచ్చెన సంగతి కూడా చెప్పాలి. దానికి ఒక కాలు పొట్టి. ఎక్కితే చాలు... టక్... టక్... అని ఊగుతూనే ఉంటుంది.

అద్దం పక్క మంచం రూతవ్వది. నస్పూర్ మనిషి. బొగ్గుబాయిలో పనిచేసిన భర్త పోయి చాలా కాలమైందట. ఆ పొద్దునే కంటి ఆపరేషన్ అయింది. ప్రార్థన చేసుకుని పడుకుందనుకున్నాను. కాసేపటికి చీకట్లోంచి గొంతు వచ్చింది.

"బిడ్డా, ఎడమపక్క మూడో పట్టీ. మీదికెళ్లి జానెడు కింద. గాడ కారుతున్నది."

చూశాను. నిజమే. గోరంత సందు. టేపు వేశాను.

"గిప్పుడు దాని పక్కది. స్పాంజి సరిగ్గ కూసోలే."

అదీ నిజమే. నాకు భలే హుషారొచ్చింది. దుబాయ్‌లో దీనికి ఓ మిషన్ ఉండేది, అది కూడా ఇంత కచ్చితంగా చెప్పేది కాదు. ఆమె చెప్పడం, నేను మూయడం. మధ్యలో "జర జల్ది కానియ్యి, నాకు నిద్రొస్తున్నది" అని కసురు. ఒక్కో సందు మూస్తుంటే వార్డు ఒక్కో మెట్టు చీకట్లోకి దిగింది. పని బాగా చేసినకొద్దీ నా చెయ్యి నాకే కనబడటం మానేసింది.

పదకొండు దాటింది. నేను నిచ్చెన పైమెట్టు మీద ఉన్నాను. సిస్టర్ గుమ్మం దాకా వచ్చింది.

"ఎవలతోని ముచ్చట పెడుతున్నవన్నా?"

"రూతవ్వతోని సిస్టర్. వెలుగు ఎక్కడ కారుతుందో ఆమెనే చూసి చెప్తుంది."

సిస్టర్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆమెకు ఎట్ల కనబడుతదన్నా? ఒక కంటికి కట్టున్నది. రెండోది చిన్నప్పుడే పోయింది."

చెప్పేసి, పక్క గదిలో బెల్ మోగితే వెళ్లిపోయింది. అడగకుండా ఉండాల్సింది. అడిగాను.

"అవ్వా... నీకెట్ల తెలుస్తుంది?"

"నాకేం తెలుసు బిడ్డా. నీ నిచ్చెన పట్టుకున్నాయన చెప్తుండు. నేను నీకు చెప్తున్న. నీకు చెవులు వినబడయా ఏంది?"

అప్పుడు... అప్పుడు తెలిసింది నాకు.

నిచ్చెన ఊగడం లేదు.

టక్ లేదు. టక్ లేదు. ఎప్పుడు ఆగిందో కూడా గుర్తులేదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చి చూశాను. కదల్లేదు. నేలలో పాతినట్టుంది. కిందికి చూశాను. ఏముంది, నేనే మూసిన చీకటి. కారే వెలుతురుని ఆరేళ్లుగా తిట్టుకున్నవాణ్ని, ఆ ఒక్క క్షణం కాస్త కారితే బాగుండనుకున్నాను.

చేతి దగ్గరే టేపు అంచు ఉంది. పట్టుకున్నాను. కొంచెం లాగితే చాలు, నిచ్చెన కాళ్ల మీద వెలుతురు పడుతుంది. చూసేయొచ్చు. మెల్లగా... మెల్లగా... దారమంత ఎరుపు గీత కిందికి జారింది.

"ఇప్పకు బిడ్డా," అంది రూతవ్వ. "కండ్లల్ల పడుతున్నదట."

టేపు మళ్లీ అతికించాను. బొటనవేలితో రెండుసార్లు నొక్కాను కూడా. భయపడ్డానని పని పాడు చేసుకోలేం కదా. తర్వాత ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ దిగాను. ఏడు మెట్లు. ఏడు గంటలు పట్టినట్టనిపించింది. నేల మీద కాలు పెట్టగానే ఫోను అందుకుని లైట్ వేశాను. ఎవరూ లేరు. చెయ్యి వేసి నిచ్చెనను కదిపాను.

టక్... టక్...

"మీ ఆయనేమోనవ్వా," అన్నాను.

ఆమె నవ్వింది. "మా ఆయననా? నేను ఉండుమన్న కాడ ఆయన ఏనాడన్న ఉన్నడా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక.

పొద్దున డాక్టరుగారు వచ్చారు. రాత్రంతా వార్డులో చుక్క వెలుతురు పడలేదని సిస్టర్ చెప్పింది. తెర ఉండిపోయింది. పైగా కిందంతస్తుకు కూడా ఒకటి కావాలన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడే రూతవ్వ కట్టు విప్పారు. రెప్పలు రెండుసార్లు ఆడించి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా? గొంతు విని ఇంక జర మంచిగుంటవనుకున్న."

వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. చెయ్యి ఎత్తింది.

"వందనాలన్నా."

గిర్రున తిరిగాను. అద్దం ఉంది. అద్దానికి ఆనించిన నిచ్చెన ఉంది. అంతే.

ఈ ముచ్చట విని డాక్టరుగారు, కళ్లు లేనప్పుడు చెవులు అలా గ్రహిస్తాయని ఏదో చెప్పారు. అయ్యుండొచ్చు. కానీ గోరంత సందును ఏ చెవి వింటుంది? నాకు ఇప్పటికీ తేలలేదు. నిచ్చెన మార్చమని అందరూ అంటారు. మార్చలేదు. ఎక్కేముందు ఎవరూ చూడకుండా "జర పట్టుకో అన్నా" అంటాను.

కొన్నిసార్లు ఊగుతుంది. కొన్నిసార్లు... ఊగదు.