ముగ్గురు చెప్పిన బిడ్డ

పుంగనూరు బస్టాండు పక్కన సుభద్రమ్మ ఎస్టీడీ బూత్ ముందు ఒక పలక వేలాడేది. బంద్ ఉందా, చెరువు తెగిందా, ఏ కబురు నిజమో తెలియాలన్నా జనం వచ్చి ఆ పలకనే చూసేవాళ్లు.

ఆమె పద్ధతి సులువైనది. మదనపల్లె, కుప్పం, చౌడేపల్లె దారుల్లో తిరిగే ముగ్గురు కండక్టర్లు వెళ్తూ ఆమె ప్రశ్న తీసుకెళ్లేవాళ్లు, వస్తూ జవాబు తెచ్చేవాళ్లు. ముగ్గురి మాటా ఒకటైతే సుద్దముక్కతో 'నిజం' అని రాసేది. ఏళ్ల తరబడి ఆ రాత తప్పు కాలేదు.

1997 ఎండాకాలంలో ఎవరో ప్రయాణికుడు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారట అని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయాడు. సుభద్రమ్మ ఎప్పటిలాగే ముగ్గురికీ చెప్పింది.

"యాడైనా బిడ్డ పోయిండాదేమో కనుక్కోండప్పా."

సాయంత్రానికి ముగ్గురూ అవునన్నారు. ఆమె పలక మీద రాసింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఊళ్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిల్లలు దొర్లించే సైకిల్ టైరు ఒకటి నడివీధిలో పడి ఉంది. ఏ ఇంట్లోంచీ పిల్లల గొంతు వినబడలేదు.

చౌడేపల్లె బస్సు కండక్టర్ మునెయ్య పరుగున వచ్చాడు.

"వెంట్రుకలు కొనే సిద్ధమ్మను చౌడేపల్లెలో కరెంటు స్తంభానికి కట్టేసినారమ్మా. సంపేట్టుండారు."

"యాల?"

"సంచి నిండా వెంట్రుకలుండాయి గదా. ఎత్తుకుపోయిన పిల్లోల్లవంట."

దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఆడవాళ్లు చుట్టి గోడ సందుల్లో దాచేవాళ్లు. సిద్ధమ్మ వచ్చినప్పుడు వాటినిచ్చి పిన్నీసులు, గిన్నెలు తీసుకునేవాళ్లు. సంచిలో ఉన్నవి వాళ్ల వెంట్రుకలే.

"బిడ్డ పోయిందని నీకెవరు సెప్పినారు?"

"కుప్పం బస్సాయన."

"ఆయనకు?"

"మదనపల్లె ఆయన."

"ఆయనకెవరప్పా సెప్పింది?"

మునెయ్య టికెట్ల సంచి సర్దుకున్నాడు. "నేనే అనుకుంటానమ్మా. నువ్వు కనుక్కోమన్నావు గదా, అదే అడిగినాను."

సుభద్రమ్మ పలక తుడిచేసి అతనితోపాటు బస్సెక్కింది.

చౌడేపల్లెలో కేకలు వినబడతాయనుకుంది. వంద మంది దాకా ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. మగవాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి. సిద్ధమ్మ పెదవి చిట్లి రక్తం కారుతోంది. సంచి చిరిగి, వెంట్రుకల చుట్టలు గాలికి వాళ్ల కాళ్ల మధ్య కదులుతున్నాయి.

"పోయింది ఎవరి బిడ్డ? తల్లి పేరు సెప్పండి," అంది సుభద్రమ్మ.

ముందు వరసలో ఉన్న రత్నమ్మ బదులిచ్చింది. "పుంగనూరులో ఫోను బూతు ఆమె లేదా, ఆమె కొడుకంట. బిడ్డ యాడైనా కనబడినాడా అని పాపం బస్సోల్లందర్నీ అడుగుతాందంట."

"ఆ బూతు నాదే. నాకు పిల్లలే లేరు."

సుభద్రమ్మ తానే స్తంభం దగ్గరికి వెళ్లి సిద్ధమ్మను కట్టిన తాడు ముడి విప్పసాగింది. చాలాసేపటికి రత్నమ్మ వంగి, కాలి దగ్గరి నెరిసిన వెంట్రుకల చుట్టను తీసి చూసింది. దాన్ని కొంగులో దాచుకుని రెండో ముడి విప్పడానికి వచ్చింది.

సిద్ధమ్మ బతికింది. ఆ వైపు మళ్లీ రాలేదు.

సుభద్రమ్మ పద్ధతి మార్చింది. ఎంతమంది చెప్పారన్నది అడగడం మానేసింది. కళ్లారా చూసిన మనిషి పేరూ ఊరూ తెస్తేనే, అదీ ఆ మనిషితో తాను మాట్లాడాకే పలక మీద రాసేది. శాంతిపురం, గుడుపల్లె బూత్‌లవాళ్లు కూడా పలకలు పెట్టి ఆమెకు ఫోన్ చేసి సరిచూసుకునేవాళ్లు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతబడేదాకా ఆ పలక తప్పు చెప్పలేదు.

ఆ ఒక్క కబురును మాత్రం ఆమె తుడవలేకపోయింది. ఏళ్ల తర్వాత, బూత్ మూతబడే ముందు కుప్పం నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది.

"అమ్మా, మీ బిడ్డ దొరికినాడా?"

"నాకు బిడ్డలు లేరమ్మా."

అవతల ఆమె పక్కనున్న ఎవరికో చెబుతున్న గొంతు వినబడింది.

"పాపం, ఇంకా తేరుకోలేదు. అప్పుడు ఏడేండ్లంట వానికి. ఇప్పుడు మీసాలొచ్చి ఉంటాయి."