ఆత్మారాం సారు కడుపుమంట

ఆత్మారాం సారు ముందు ఎవరైనా 'కుళ్ళు' అన్న మాట జారారా, ఇక ఆ పూట పనులన్నీ మూలపడ్డట్టే. బోధన్‌లో తెలుగు పంతులుగా రిటైరయిన ఈ పెద్దమనిషికి బీడీ లేదు, పేకాట లేదు. ఒకరి బాగు ఒకరు ఓర్వలేకపోవడానికి ఎన్ని మాటలున్నాయి, ఏది ఎక్కడ పుట్టింది, దేనికీ దేనికీ తేడా ఏమిటి, ఇదొక్కటే పిచ్చి. ముప్పై ఏళ్లుగా ఆ పిచ్చితో కాపురం చేస్తున్న గంగమణికి మాత్రం ఒకటే మాట తెలుసు: ఖర్మ!

ఒకరోజు పక్కింటి జయరాజ్, అతని తమ్ముడు పాల్ రాజ్ చెరుకు కోత కూలీల కోసం గల్లీలో తిట్టుకుంటున్నారు. "నా చెరుకు జూసి కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నడు!" అన్నాడు జయరాజ్. అంతే, సారు గేటు దగ్గర ప్రత్యక్షం.

"ఆగు జయరాజ్! మంట కండ్లల్లనా, కడుపులనా? కండ్లదైతే సూసినప్పుడే మండుతది. కడుపుదైతే యాదికొచ్చినప్పుడల్లా మండుతది. ఉర్దూల జలన్ అన్నా మంటనే..."

"సారూ, ఉప్మా సల్లారుతున్నది!" అని గంగమణి లోపలినుంచి మొత్తుకుంది. ఎవరు వింటారు? అన్నదమ్ములిద్దరూ ఒకే బండెక్కి పారిపోయారు.

మొన్న ఎండాకాలం గంగమణి తమ్ముడు పరమేశ్వర్ నిజామాబాద్‌లో ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆడబిడ్డే కదా పాలు పొంగించాలి! తన బర్రె పాలే పొంగాలని గంగమణి పట్టుబట్టి, క్యాన్ పట్టుకుని బస్సెక్కింది. ఎండకు క్యాన్ కాలుతోంది. సారేమో పక్కసీటు మరాఠీ ఆయనకు మత్సరం గురించి చెబుతున్నాడు.

కొత్త పొయ్యి మీద పెట్టగానే పాలు విరిగిపోయాయి.

ఇంటినిండా చుట్టాలు. పరమేశ్వర్ అత్త భీమవ్వ ముక్కున వేలేసుకుంది. "పాలేం జేస్తయి బిడ్డా? అంతా ఆడబిడ్డ కుళ్ళు! గా కండ్లు వడ్డయి."

గంగమణి చటుక్కున వంటింటి గట్టు మీంచి చూపు తిప్పుకుంది. ఎందుకంటే వచ్చినప్పటినుంచీ ఆమె కళ్లు ఆ నల్లరాతి గట్టు మీదే ఉన్నాయి. తన రేకుల వంటిల్లు గుర్తొచ్చి కడుపు మండిన మాట నిజం. తమ్ముడు తల వంచుకున్నాడు. వీడు గనక ఆ మాట నమ్మితే ఇక తనకు పుట్టిల్లు లేనట్టే.

"గది కుళ్ళు కాదవ్వా," అని సారు గొంతు సవరించుకున్నాడు.

దేవుడా, ఇప్పుడా! గంగమణికి చేతిలో గరిటె విసరాలనిపించింది.

"కుళ్ళు లోపల్లోపల మురిగేది. గిది ఈర్ష్య, ఇంకొకల బాగు సైపకపోవుడు. నాకు గేటు కాడనే వుట్టింది. గీ రంగేంది గిట్లున్నది అనుకున్న. గది అసూయ, మంచిల తప్పు దేవులాడుడు. ఇది వీనికి లేకపోతే మంచిగుండు అనుకుంటే మత్సరం, ఉర్దూల హసద్. మేడ మీది అర్ర జూసి గదీ అనుకున్న. రష్క్ అని ఇంకోటున్నది, జర నయం. నీకుండనీ, నాక్కూడ కావాలె అనుడు. నేనంత మంచోన్ని కాదు. వడ్డది నా కండ్లే."

పరమేశ్వర్ నోరు తెరిచాడు. "మేడనా? యాడుంది బావా మేడ? నేను కట్టిందే ఒక్క అంతస్తు!"

సారు తల పైకెత్తి చూశాడు. వచ్చి రెండు గంటలైనా ఆయన ఆ ఇంటిని చూసిన పాపాన పోలేదు.

"లేదా? రేపు కడుతవేమోనని ముందుగాలనే కుళ్ళిన."

అందరికంటే ముందు నవ్వింది భీమవ్వే. "ఓ సారూ, నీకు కుళ్ళుడు గూడ శాతగాదు!"

"ఎండల తెచ్చిన పాలు, ఇరగక ఏం జేస్తయి?" అంటూ పరమేశ్వర్ కొత్త ప్యాకెట్ తెచ్చి గంగమణి చేతిలో పెట్టాడు. "అక్కా, నువ్వే పొంగియ్యి. బావా, నీకు దండం వెడ్త, నువ్వు మాత్రం ఆపు!"

ఈసారి పాలు పొయ్యంతా పొంగాయి.

సాయంత్రం బస్టాండులో గంగమణి మెల్లగా అంది. "సారూ, అసలు కుళ్ళింది నేనే."

"ఎరుకనే."

"నాది గా మాటలల్ల ఏది? దాని పేరేంది?" ముప్పై ఏళ్లలో ఆమె అడగడం అదే మొదటిసారి.

"గంత వివరం మనకెందుకే? బోధన్ బస్సొచ్చింది, ఎక్కు."

అడగనప్పుడు తరిమి తరిమి చెప్పే మనిషి, అడిగినప్పుడు చెప్పకపోతే ఒళ్లు మండదా? గంగమణికి మండింది. అయినా కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చింది.